రెండో కీపర్ చూసిన క్వార్టర్‌బ్యాక్ పోటీ

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో సియాటిల్ పక్కనున్న మా రెంటన్‌లో వాషింగ్టన్ సరస్సు పక్కనున్న మైదానంలో ఈలలు మొదలవుతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే సియాటిల్ సీహాక్స్ జట్టు ప్రాక్టీసు చేసే చోటు మా ఇంటికి పది నిమిషాల దూరం. ఎనిమిదేళ్లు ఆ దారినే ఆఫీసుకి వెళ్లొచ్చాను గానీ, లోపల ఏం జరుగుతోందో ఎప్పుడూ పట్టించుకోలేదు. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు ఆటంటే క్రికెట్టే. అలాంటిది 2022 ఆగస్టులో మూడు వారాల పాటు, ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్ అనే ఒకే ఒక్క చోటు ఎవరికి దక్కుతుందా అని రాత్రిళ్లు కూడా ఆలోచించాను. ఈలలు వినబడినప్పుడల్లా ఆ మూడు వారాలు గుర్తొస్తాయి. ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నది ఇవాళ రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. కాలేజీలో నేను వికెట్ కీపర్ని, రెండో కీపర్ని. మొదటి కీపర్ గాజువాక నుంచి వచ్చేవాడు, నా క్లాసే. బ్యాటింగ్ చేసేవాళ్లకి, బౌలింగ్ చేసేవాళ్లకి జట్టులో నాలుగైదు చోట్లు ఉంటాయి. ఇవాళ కాకపోతే రేపు ఎవడో ఒకడు తప్పుకుంటాడు, నీకు వంతు వస్తుంది. కీపర్‌కి చోటు ఒక్కటే. అది వాడిది అయితే నీది కాదు, అంతే.

అయితే కీపర్‌కి ప్రాక్టీసు ఇవ్వగలిగేది ఇంకో కీపరే. మిగతా వాళ్లంతా నెట్స్‌లో వాళ్ల పనిలో వాళ్లుంటారు. పొద్దున్న ఆరింటికి మేమిద్దరమే గ్రౌండ్ ఓ మూలకి వెళ్లి, ఒకడు బంతి విసురుతుంటే ఒకడు పట్టేవాళ్లం. వంద బంతులు వాడికి, వంద నాకు. లోపలి గ్లోవ్స్ నీళ్ల బకెట్‌లో ముంచి, పిండేసి తొడుక్కునేవాళ్లం, తడిగా ఉంటే దెబ్బ కాస్త తక్కువ తగులుతుందని. చిటికెన వేలికి, ఉంగరం వేలికి కణుపు దగ్గర తెల్ల ప్లాస్టర్ చుట్టుకునేవాళ్లం. ఒక చేతికి ఎలాగో మనమే చుట్టుకోవచ్చు, రెండో చేతికి కుదరదు. వాడి కుడిచేతికి నేను, నా కుడిచేతికి వాడు చుట్టేవాళ్లం. గంట తర్వాత గ్లోవ్స్ తీస్తే వేళ్ల కొసలు ముడతలు పడి తెల్లగా ఉడికినట్టు ఉండేవి, ఆ తోలు వాసన టిఫిన్ తినేటప్పుడు కూడా పోయేది కాదు. నా చోటు ఆపినవాడు వాడే, నా చేతులు గట్టిపడేలా చేసినవాడూ వాడే.

మూడో ఏడాదిలో ఒకసారి కోచ్ నన్ను పిలిచి, వచ్చే రెండు మ్యాచ్‌లు నువ్వు కీపింగ్ చెయ్యి, తర్వాత చూద్దాం అన్నారు. మ్యాచ్‌కి ఇంకా మూడు రోజులుందనగా నాకు ఆటలమ్మ పోసింది. వేపాకులు పరిచిన పక్క మీద పదకొండు రోజులు పడుకున్నాను. మా అమ్మ ఎవరినీ గదిలోకి రానిచ్చేది కాదు. గాజువాక వాడు సాయంత్రం మ్యాచ్ అవగానే రెండు బస్సులు మారి వచ్చి, కిటికీ బయట నిలబడి స్కోరు చెప్పి వెళ్లాడు. ఆ రెండు మ్యాచ్‌లూ వాడు చాలా బాగా చేశాడు. నేను లేచి తిరిగేసరికి ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేని విషయం అది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా మనసులో ఎక్కడో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు సియాటిల్‌కి వస్తాను.

2012 నుంచి పదేళ్లు సీహాక్స్‌కి క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్. అతను కూడా అలాంటి ఓ ఆగస్టు పోటీలోనే నెగ్గి వచ్చాడు. కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మూడో రౌండ్‌లో తీసుకున్న కొత్త కుర్రాడు, కోటి డాలర్ల గ్యారంటీతో తెచ్చుకున్న మ్యాట్ ఫ్లిన్‌ని పక్కన పెట్టించాడు. ఆ తర్వాత పదేళ్లు ఊళ్లో ఎవరికీ ఆ చోటు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. 2022 మార్చిలో విల్సన్‌ని డెన్వర్ బ్రాంకోస్‌కి ఇచ్చేశారు. మా ఆఫీసులో ఆ రోజు ఎవరింట్లోనో ఏదో జరిగినట్టు మాట్లాడుకున్నారు. బదులుగా వచ్చినవాళ్లలో డ్రూ లాక్ ఒకడు. 25 ఏళ్ల కుర్రాడు, చెయ్యి బలంగా ఉంటుంది, దూరం విసరగలడు. ఇక్కడ అప్పటికే మూడేళ్లుగా విల్సన్ వెనక కూర్చున్నవాడు జీనో స్మిత్, 31 ఏళ్లు. వీళ్లిద్దరిలో ఒకరు. కోచ్ పీట్ కారల్‌కి అప్పుడు 70 ఏళ్లు. ఏ చోటుకైనా పోటీ పెట్టి తేల్చడమే ఆయన పద్ధతి.

గాజువాక వాడు ఫోన్‌లో అడిగాడు, "క్వార్టర్‌బ్యాక్ అంటే ఏం చేస్తాడ్రా, కెప్టెనా?" అని.

కెప్టెన్ కంటే ఎక్కువేనని చెప్పాను. కోచ్ గొంతు అతని హెల్మెట్‌లోనే వినిపిస్తుంది. ఆట మొదలుపెట్టడానికి ఉండే 40 సెకన్లలో, గడియారం 15కి రాగానే ఆ గొంతు కూడా ఆగిపోతుంది. ఆ లోపల విన్న ఎత్తుగడ పేరు, ఒక్కోసారి పది పన్నెండు మాటలుంటుంది, మిగతా పది మందికీ తప్పు లేకుండా చెప్పాలి. వాళ్లు వరసలో నిలబడ్డాక ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, అవసరమైతే అక్కడికక్కడే మార్చాలి. ముందు వంగి నిలబడే సెంటర్ అనే ఆటగాడి కాళ్ల మధ్య నుంచి బంతి చేతికొచ్చాక మహా అయితే మూడు సెకన్లు. ఈలోపు నూటముప్పై కిలోల మనుషులు మీదికొస్తుంటారు. ఏ ఆటగాడు ఎక్కడికి పరిగెత్తుతాడో అక్కడికి, అతను రాకముందే బంతి వదలాలి.

"మరి ఇద్దర్నీ మార్చి మార్చి ఆడించొచ్చుగా?" అన్నాడు.

"ఇద్దరు కీపర్లని మార్చి మార్చి ఆడిస్తారట్రా?"

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అలాంటిదా," అన్నాడు తర్వాత.

ఆగస్టు మొదట్లో ఒక రోజు మా అమ్మాయిని తీసుకుని క్యాంప్ చూడ్డానికి వెళ్లాను. దానికప్పుడు తొమ్మిదేళ్లు. స్కూల్లో దానితోపాటు చదివే వాళ్లంతా వెళ్తున్నారని పట్టుబట్టింది. ల్యాండింగ్ షాపుల దగ్గర బస్సు ఎక్కించుకుని తీసుకెళ్తారు. మైదానం పక్కన గడ్డి దిబ్బ మీద అందరూ కూర్చుంటారు, అవతలి పక్కన సరస్సు. మేం పులిహోర డబ్బా తీసుకెళ్లాం. ఎండ బాగా ఉంది. మా అమ్మాయి సాకర్ చొక్కా మీద నంబరు 2. లాక్ నంబరు కూడా 2. అంతే, ఆ క్షణం నుంచి అది లాక్ పక్షం. నంబరు 7 జీనోని నేను తీసుకున్నాను, పెద్దగా ఆలోచించకుండానే.

ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌లు ఎర్ర చొక్కాలు వేసుకుంటారు, వాళ్లని ఎవరూ కింద పడెయ్యకూడదని గుర్తు. అక్కడ కూర్చుని గంటసేపు చూశాక నాకు అర్థమైంది, వాళ్ల అసలు పోటీ వంతుల కోసం అని. మొదటి జట్టుతో, అంటే విసిరిన బంతి అందుకునే డీకే మెట్‌కాఫ్, టైలర్ లాకెట్‌లతో ఎవరు ఎన్నిసార్లు ఆడితే వాళ్లకి అంత అలవాటు పడుతుంది. వాళ్ల భాషలో వాటిని రెప్స్ అంటారు. రోజుకి ఉండేవి కొన్నే. ఒకడికిస్తే రెండోవాడికి తగ్గుతాయి. ఆఫీసులో నా పక్క సీటతను క్యాంప్ మొత్తం ఈ రెప్స్ లెక్కే చూసేవాడు. ఇవాళ జీనోకి ఇన్ని, లాక్‌కి ఇన్ని అని లంచ్‌లో చెప్పేవాడు. మొదట్లో పిచ్చి అనుకున్నాను, తర్వాత నేనే అడగడం మొదలుపెట్టాను.

వంతు రానివాడు ఏం చేస్తాడో చూడమని మా అమ్మాయికి చూపించాను. ఆడుతున్నవాడికి పదడుగుల వెనక నిలబడి, చేతిలో బంతి లేకుండానే, వాడితోపాటు అవే అడుగులు వెనక్కి వేస్తున్నాడు. తల కూడా అటూ ఇటూ అదే వరసలో తిప్పుతున్నాడు. చివర్లో ఉత్త చెయ్యి విసురుతున్నాడు.

"నాన్నా, బంతి లేదు కదా, ఏం చేస్తున్నాడు?" అంది.

"ప్రాక్టీసు చేస్తున్నాడమ్మా."

"అది ఆడినట్టా?"

ఏం చెప్పాలో తెలియలేదు. స్లిప్ పక్కన నిలబడి, వాడు పట్టిన ప్రతి బంతికీ నేను ఉత్త చేతులు కదిపిన పొద్దున్నలు గుర్తొచ్చాయి.

జీనో గురించి అప్పుడే చదవడం మొదలుపెట్టాను. 2013లో న్యూయార్క్ జెట్స్ రెండో రౌండ్‌లో, 39వ వాడిగా తీసుకున్నారు. మొదటి రౌండ్‌లోనే పిలుస్తారని కెమెరాల ముందు ఆ సాయంత్రమంతా కూర్చున్నాడు, పిలవలేదు. మొదటి ఏడాదే 16 మ్యాచ్‌లూ ఆడాడు. 2015 ఆగస్టులో, లాకర్ రూమ్‌లో, 600 డాలర్ల అప్పు తగవులో సొంత జట్టువాడే కొట్టిన దెబ్బకి దవడ విరిగింది. అతను మంచాన ఉండగా ఆ చోటు రయన్ ఫిట్జ్‌పాట్రిక్‌కి వెళ్లింది, అతను ఆ సీజన్ అద్భుతంగా ఆడాడు. అక్కడి నుంచి 2021 దాకా, ఏడు సీజన్లలో జీనో మొదటి నుంచే బరిలో దిగి మొదలుపెట్టిన మ్యాచ్‌లు ఐదంటే ఐదు. మూడు జట్లు మారాక కూడా అంతే. ఆ ఐదులో మూడు, 2021లో విల్సన్ వేలికి దెబ్బ తగిలినప్పుడు వచ్చినవి.

ఆగస్టులో ఒక దెబ్బ, ఏడేళ్లు పక్కన. ఇది చదివాక, నేను నంబరు 7 పక్షం అనడం ఇక ఊరికే అన్న మాట కాదు.

ఆగస్టు 13న పిట్స్‌బర్గ్‌లో మొదటి ప్రీసీజన్ మ్యాచ్. ప్రీసీజన్ ఫలితం ఎక్కడా లెక్కలోకి రాదు, కానీ ఇలాంటి పోటీ ఉన్నప్పుడు అవే పరీక్షలు. మొత్తం మూడే ఉంటాయి. మొదటి సగం జీనో, రెండో సగం లాక్. ఇద్దరూ చెరో 15 సార్లు విసిరారు. జీనోవి 10 అందాయి, 101 గజాలు. లాక్‌వి 11 అందాయి, 102 గజాలు. అంకెలు చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. కానీ లాక్ రెండు టచ్‌డౌన్లు, అంటే చివరి గీత దాటి పాయింట్లు తెచ్చేవి, విసిరాడు, చూడ్డానికి చాలా బాగున్నాడు, మా అమ్మాయి సోఫా మీద గెంతింది. స్కోరు 25-25. ఇంకో నిమిషం గడిస్తే అయిపోతుందనగా, వెనక నుంచి వచ్చినవాడు లాక్ చేతిలోంచి బంతి కొట్టేశాడు. పిట్స్‌బర్గ్ వాళ్లకి దొరికింది, వాళ్లు 32-25తో గెలిచారు.

ఆ ఒక్క బంతి గురించి మర్నాడు ఆఫీసులో అరగంట చర్చ. కుర్రాళ్లంతా లాక్ వైపు. అలాంటి చెయ్యి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టడం తప్పు అన్నారు. నాకు మాత్రం కీపర్ బుద్ధే పనిచేసింది. కీపర్ పట్టిన గొప్ప క్యాచ్‌ని రెండు రోజులు చెప్పుకుంటారు, వదిలేసిన తేలిక క్యాచ్‌ని సీజన్ అంతా మోస్తారు. కోచ్ చూసేది ఎప్పుడూ రెండోదే. జట్టు మొత్తం ఆ బంతిని ఒకడి చేతిలో పెట్టి ముందుకు పరిగెత్తుతోంది, వెనక్కి తిరిగి చూసే వీలు వాళ్లకి లేదు.

అయినా కారల్ లాక్‌కి అవకాశం ఇవ్వాలనుకున్నాడు. ఆగస్టు 16, మంగళవారం, గురువారం షికాగో బేర్స్‌తో మ్యాచ్‌ని లాక్ మొదలుపెడతాడని ప్రకటించాడు. మొదటి జట్టుతో, సొంత మైదానంలో. మా అమ్మాయికి చెప్తే, గురువారం హోంవర్క్ బుధవారమే చేసేస్తానంది.

అదే రోజు, కొన్ని గంటల్లోనే, లాక్‌కి కోవిడ్ అని తేలింది.

ఫోన్‌లో ఆ వార్త చదివినప్పుడు నేను కాస్ట్‌కో పార్కింగ్‌లో కారులో ఉన్నాను. సామాన్లు డిక్కీలో పెట్టి, స్టార్ట్ చెయ్యకుండా కూర్చుండిపోయాను. జీనో పక్షం వాణ్ణి కదా, సంతోషించాలి. సంతోషం రాలేదు. వేపాకుల వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది, ముక్కుకి.

గురువారం మళ్లీ జీనోనే ఆడాడు. మొదటి సగమంతా అతనే, 18 విసిరితే 10 అందాయి. చేతుల్లో పడ్డవి కూడా కొన్ని మనవాళ్లు వదిలేశారు. అతని మోకాలికి దెబ్బ తగిలింది కూడా. జట్టు 27-11తో ఓడింది. అంటే అవకాశం దొరికినవాడు దాన్ని గెలిచి చూపించాడని కూడా చెప్పలేం. ఆగస్టు 26న డల్లాస్‌లో చివరి మ్యాచ్. జీనో కొద్దిసేపు ఆడి పక్కకు వచ్చేశాడు. మిగతాదంతా లాక్. పది రోజుల క్రితం జబ్బుపడ్డ మనిషి, ఒకే మ్యాచ్‌లో అంతా చూపించెయ్యాలి. నాకు ఆ తొందర అతని ప్రతి అడుగులోనూ కనిపించింది. 24 సార్లు విసిరాడు, 171 గజాలు, ఒక టచ్‌డౌన్, మూడు ఇంటర్‌సెప్షన్లు. మూడోది అవతలివాళ్ల చేతిలో పడ్డప్పుడు మా అమ్మాయి ఏమీ అనకుండా లేచి వెళ్లి బ్రష్ చేసుకుని పడుకుంది. మ్యాచ్ అయిపోయాక కారల్ ప్రకటించాడు, మొదలుపెట్టేది జీనో అని.

లాక్‌కి ఇది రెండో ఆగస్టు. 2021లో డెన్వర్‌లో కూడా ఇలాగే పోటీ పెట్టి, చివరికి టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్‌కి ఇచ్చారు.

గురువారం మ్యాచ్ అతను ఆడి ఉంటే ఏమయ్యేదని చాలామంది అడిగారు. నా మటుకు నేను చాలా ఆలోచించి ఒక అభిప్రాయానికొచ్చాను. జీనో క్యాంప్ మొదటి రోజు నుంచీ ముందున్నాడు. అంతకు ముందు ఏడాది నుంచీ అదే పద్ధతి, అదే ఎత్తుగడల పుస్తకం నేర్చుకున్నవాడు, ఆ మాటలు అతని నోటికి వచ్చేసినవాడు. లాక్‌కి అది కొత్త. కారల్ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. కానీ ఆ గురువారం లాక్‌ది. అది అతనికి రావలసింది, రాలేదు. ఈ రెండూ నిజమే. నా ఆటలమ్మ గురించి కూడా ఇరవై ఏళ్లలో ఇంత తేటగా ఎప్పుడూ అనుకోలేదు. గాజువాక వాడు నాకంటే మంచి కీపర్. ఆ రెండు మ్యాచ్‌లు మాత్రం నావి.

ఇక్కడ భరత్ గురించి చెప్పకుండా ఉండలేను. కె.ఎస్. భరత్ మా వైజాగ్ వాడు. 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు, రంజీల్లో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి కీపర్. అయినా టీమిండియాతో తిరగడమే గానీ ఆడింది లేదు, ముందు సాహా, పంత్ ఉన్నారు. 2021 నవంబరులో కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు మూడో రోజు పొద్దున్న సాహా మెడ పట్టేసింది. ఇక్కడ మాకు థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి రాత్రి. టీవీ పెట్టేసరికి స్టంప్స్ వెనక భరత్. యంగ్ క్యాచ్, టేలర్ క్యాచ్, 95 మీదున్న లాథమ్ స్టంపింగ్. బంతి ఎంత కింద ఉండిపోతోందో చూసినవాళ్లకి తెలుసు. పేరుకి అతను ఆ టెస్టు ఆడినట్టే కాదు, వేరేవాడి బదులు మైదానంలోకి వచ్చినవాడు, అంతే. అసలు టోపీ 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో వచ్చింది, అది కూడా పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక. రెండోవాడి ఆట ఎప్పుడూ ఇంకొకడి దెబ్బతో ముడిపడి ఉంటుంది. దాన్ని ఎలా మొయ్యాలో ఏ కోచ్ నేర్పడు.

సెప్టెంబరు 12, సోమవారం రాత్రి, సీజన్ మొదటి మ్యాచ్. ఎదురుగా ఎవరు? డెన్వర్. రస్సెల్ విల్సన్ నారింజ గీతల చొక్కాతో మా ఊరి మైదానానికి వచ్చాడు, ఊరంతా అతన్ని చూడ్డానికే వెళ్లింది. జీనో మీద ఎవరికీ ఆశ లేదు. బంతి మొదటిసారి తమ చేతికొచ్చిన డ్రైవ్‌లోనే, మీదికొస్తున్నవాళ్లని తప్పించుకుని పక్కకి జరిగి, ఒంటరిగా ఉన్న విల్ డిస్లీకి వేశాడు, 38 గజాలు, టచ్‌డౌన్. మొదటి సగంలో 18 విసిరితే 17 అందాయి. ఒక్కటే పోయింది! రెండో సగంలో మనవాళ్లకి ఒక్క పాయింటూ రాలేదు. డెన్వర్ వాళ్లు గీత దగ్గరికొచ్చి రెండుసార్లు బంతి జారవిడిచారు. చివర్లో విల్సన్ చేతిలో బంతి పెట్టకుండా 64 గజాల నుంచి కాలితో తన్ని ఫీల్డ్ గోల్ కొట్టబోయారు, పక్కకి పోయింది. 17-16. అప్పటికి స్టేడియం అంతా "జీనో, జీనో" అని అరుస్తోంది. మైక్ పెడితే అతనన్న మాట ఇక్కడ చాలా రోజులు టీ షర్టుల మీద కనబడింది. నన్ను లెక్కలోంచి కొట్టేస్తూ రాశారు, నేను మాత్రం తిరిగి రాయలేదు, అని.

ఆ సీజన్లో అతను 4,282 గజాలు, 30 టచ్‌డౌన్లు విసిరాడు. విసిరిన వాటిలో 69.8 శాతం అందాయి, లీగ్ మొత్తంలో అదే ఎక్కువ. వెనకబడి మళ్లీ నిలబడ్డవాడికిచ్చే కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు వచ్చింది. జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. లాక్ ఆ ఏడాది మొత్తం ఒక్క బంతి కూడా ఆడలేదు. ప్రతి ఆదివారం పక్కన టోపీ పెట్టుకుని నిలబడేవాడు. మా అమ్మాయి మ్యాచ్ చూస్తూ కెమెరా అటు తిరిగినప్పుడల్లా "అదుగో" అనేది.

తర్వాతి ఏడాది, 2023 డిసెంబరు 18. మళ్లీ సోమవారం రాత్రి, సొంత మైదానం, ఫిలడెల్ఫియా ఈగల్స్. జీనోకి గజ్జల్లో కండరం పట్టేసింది. లాక్ ఆడాలి. అంతకుముందు వారం శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనే ఆడి ఓడారు, అందుకని ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మా ఇంట్లో మాత్రం నంబరు 2 చొక్కా బయటికొచ్చింది, దానికది అప్పటికి పొట్టయిపోయింది.

రెండు నిమిషాల లోపే మిగిలింది. మనం 17-13తో వెనకున్నాం, బంతి మన 8 గజాల గీత దగ్గర. 92 గజాలు పోవాలి. నేను కిచెన్‌లో నిలబడిపోయాను, హాల్లోకి రావాలంటే భయం. మెట్‌కాఫ్‌కి దూరంగా ఒకటి వేశాడు, ఇద్దరి మధ్య, పట్టేశాడు. 28 సెకన్లుండగా 29 గజాల నుంచి ఎడమ మూలకి, కొత్త కుర్రాడు జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్‌బా భుజం మీదుగా పడేలా వదిలాడు. ఆ బంతి చేతిలోంచి వెళ్తున్నప్పుడు ఆ కుర్రాడు ఇంకా తిరిగి చూడనేలేదు. డల్లాస్‌లో కనబడిన తొందర ఆ విసురులో లేదు. 20-17.

మ్యాచ్ అయ్యాక మైక్ ముందు లాక్ మాట్లాడబోయి గొంతు పట్టేసి ఆగిపోయాడు. మా అమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. అది ఏడవలేదు, నేనే.

వైజాగ్‌లో అప్పుడు మంగళవారం పొద్దున్న పదవుతోంది. గాజువాక వాడికి ఫోన్ చేశాను. వాడు షాపు తెరుస్తున్నాడు, షట్టర్ చప్పుడు వినిపించింది. అంతా చెప్పాను, కోవిడ్ దగ్గర్నుంచి 92 గజాల దాకా. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మరి ఆ మొదటివాడు? జీనో?" అన్నాడు.

"పక్కనే ఉన్నాడురా, దెబ్బ తగిలిందిగా."

"కిటికీ బయట ఉన్నట్టు," అన్నాడు వాడు. ఇంకాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఎవరో కస్టమర్ వచ్చారు, మళ్లీ చేస్తానని పెట్టేశాడు.

జీనో 2025లో లాస్ వేగస్ రైడర్స్‌కి వెళ్లిపోయాడు. లాక్ ఒక ఏడాది న్యూయార్క్‌లో జెయింట్స్‌తో ఉండి, అదే 2025లో మళ్లీ ఇక్కడికే వచ్చాడు, శామ్ డార్నాల్డ్ వెనక రెండోవాడిగా. పోటీ ఏమీ లేదు, చోటు డార్నాల్డ్‌దే. ఆ ఆగస్టులో మా అమ్మాయి మళ్లీ క్యాంప్‌కి వెళ్దామంది. గడ్డి దిబ్బ మీద అదే చోట కూర్చున్నాం. డార్నాల్డ్ ఆడుతుంటే అది వెనక నిలబడ్డ ఎర్ర చొక్కానే చూస్తూ కూర్చుంది, అతను ఎన్ని అడుగులు వెనక్కి వేస్తున్నాడో వేళ్ల మీద లెక్కపెడుతూ.